మాటలు: వేంకటరమణ

"గట్టిగా మాట్లాడబాక చిన్మయీ. ఇప్పుడే కునుకు పట్టింది మీ నాయనకి."

"మెల్లిగానే మాట్లాడుతున్నా మా. నువ్వు ఈడ కూర్చో. ఒక్క నిమిషం చూడు."

"నాకేం తెలుస్తుంది ఆ నల్ల తెరలో? చీమలు పాకుతున్నట్టుంది."

కోడంబాక్కం స్టేషను వెనక వీధి, మేడమీది ఇల్లు, ఆదివారం మధ్యాహ్నం. అరవ సినిమాలకు ముప్పైయేళ్ళుగా తెలుగు మాటలు రాస్తున్న వేంకటరమణ లోపలి గదిలో పడుకున్నాడు. ఆయన భార్య మృణాళిని ఒకప్పుడు ఆ సినిమాలకే గొంతు ఇచ్చిన మనిషి. కూతురు చిన్మయి పెరుంగుడిలో ఉంటూ కంప్యూటరు ఉద్యోగం చేస్తుంది. మర్నాడు తండ్రిని నరాల డాక్టరు దగ్గరికి తీసుకుపోవడానికి వచ్చి, అన్నాలు కాగానే ల్యాప్‌టాప్ తెరుచుకుని కూర్చుంది.

"చీమలు కాదు మా. నాయన రాసినవే. ఆ కంప్యూటర్లోనివి అన్నీ ఇందులోకి ఎక్కించుకున్నా."

"అన్నీనా?"

"అన్నీ. సినిమాకొక ఫైలు. చేత్తో రాయడం మానేసినప్పటినుంచీ ఒక్కటి కూడా పారెయ్యలా ఆయన. ఏ ఏటివి ఆ ఏటి ఫోల్డర్లో పెట్టుకున్నాడు."

"పారేస్తాడా? తెగిపోయిన చెప్పులే పారెయ్యనియ్యడు. ఇప్పుడు వాటితో ఏం పని నీకు?"

"డాక్టర్ అన్నది వినలేదా నువ్వు? పోయినసారి ఆయన అడిగినదానికల్లా నాయన టక్కుటక్కుమని చెప్పేసినాడు గదా. ఇవాళేం వారం, వందలో ఏడు పోతే ఎంత, అన్నిటికీ. పైగా డాక్టర్‌కే జోకు చెప్పి నవ్వించినాడు."

"నవ్విస్తాడు. ఎవరినైనా నవ్విస్తాడు."

"అందుకే డాక్టర్ అన్నాడు, మాటలతో బతికిన మనిషి, ఈ చిన్న పరీక్షల్లో దొరకడు, ఆయన రాసినవి పాతవీ కొత్తవీ ఉంటే పోల్చి చూడండి అని."

"వాళ్ళకేం, ఏదో ఒకటి అంటారు."

"మంచి మాటే అన్నాడు మా. మనిషికి మాటలు జారిపోతుంటే నోటికన్నా ముందు రాతలో తెలుస్తుందంట. వాడే మాటలు తగ్గిపోతాయి. రాసిందే రాస్తారు. పేరు గుర్తుకు రానిచోటల్లా అది, ఇది అని నెట్టుకొస్తారు."

"కాఫీ తాగుతావా?"

"ఇప్పుడేగదా తాగినాం."

"ఇంకొంచెం కలుపుకొస్తా."

"కూర్చో మా. పోయిన వారం కూరగాయల బండి దగ్గిర నాయన వంకాయలని వేలుపెట్టి చూపించినాడని నువ్వే గదా ఫోన్ చేసినావు?"

"చెప్పినాలే. బండి ఆయనకి తెలుగు రాదు, అందుకని చూపించినాడేమో."

"నలభై ఏళ్ళుగా ఆయనతో అరవంలోనే మాట్లాడుతున్నాడు నాయన. కత్తిరికాయ్ అనడం రాదా ఆయనకి?"

"సరి సరి. ఏదో చూపిస్తానన్నావే, చూపించు. ఆయన లేచే లోపల."

"ఇదిగో, ఒకే ఒక్క లైను టైపు చేస్తా. ముందు సినిమా మొత్తాన్నీ విడగొట్టి, ఒక్కో మాటనీ ఒక్కో వరసలో నిలబెడుతుంది. తరవాత సార్ట్ అంటే అకారాదిగా సర్దుతుంది. అప్పుడు ఒకే మాటలన్నీ పక్కపక్కకి వచ్చి చేరతాయి గదా? దాన్ని యూనిక్ అనేదానికి అందిస్తే, అందులో ఒకటి ఉంచి, పక్కన ఎన్నిసార్లు వచ్చిందో అంకె వేస్తుంది."

"ఇస్త్రీ బట్టలు వచ్చినాక ఎవరివి వాళ్ళకి దొంతి పెట్టినట్టు."

"అంతే మా! సర్దకుండా లెక్కపెడితే తప్పు లెక్క వస్తుంది. ముందు దొంతి పెట్టాల, తరవాతే లెక్క."

"మరి వచ్చాడు, వచ్చాడంట, వచ్చాడా... ఇవి ఒక మాటా, మూడా?"

"దానికి మూడే. దానికి అర్థం తెలీదు. అక్షరాలే తెలుసు."

"అర్థం తెలీనిది మీ నాయన సంగతి ఏం చెప్పగలుగుతుంది?"

"పాత సినిమాలోనూ అదే తప్పు చేస్తుంది, కొత్తదాంట్లోనూ అదే చేస్తుంది. పోల్చుకోడానికి చాలు. ఇదిగో, ఇది పదేళ్ళ కిందటిది. ఆ జాలర్ల సినిమా."

"ఆఁ, అందులో నేను చేపలమ్మే ఆమెకి చెప్పినా. గొంతు పట్టేసింది అరిచి అరిచి."

"ఎన్ని మాటలో చూడు. వేరువేరు మాటలే నాలుగు వేల పైచిలుకు. కింద చూడు, ఒక్కసారే వచ్చినవి ఎన్నో! కొయ్యబొంగరం. తెడ్డు. నీచువాసన. కసిరింపు."

"తెడ్డు అనే మాటకోసం ఒక పూటంతా తిరిగినాడు. హీరో పెదవి ఆ చోట మూసుకోలేదంట, పడవ కర్ర అంటే పెదవి మూసుకోవాలంట. రాత్రి అన్నంలో చెయ్యి పెట్టి, తెడ్డు అని అరిచినాడు. నేను అదిరిపడినా."

"ఇది ఐదేళ్ళ కిందటిది. కొంచెం తగ్గింది. పరవాయిల్లే, మాటలు తక్కువుండే సినిమా కావచ్చు. ఇది మాత్రం..."

"ఏమైంది? ఎందుకు ఆగినావు?"

"ఇది మూడేళ్ళ కిందటిది. మొదట నేను తప్పు లెక్క చేసినా మా. అది అనే మాట ఎన్నిసార్లు ఉందో గ్రెప్ అనే వెతికేదాంతో అడిగినా. అడగాల్సినట్టు అడగలా. అది వరసల్ని లెక్కపెట్టింది, మాటల్ని కాదు. ఒకే వరసలో అది, అది, అది అని మూడుసార్లు ఉన్నా ఒకటే అనింది. హమ్మయ్య అనుకున్నా."

"తరవాత?"

"తరవాత సరిగ్గా అడిగినా. ఆఫీసులో పదిమంది మధ్యన కూర్చుని చూసినా ఆ అంకె. బాత్రూంలోకి పోయి ముఖం కడుక్కుని వచ్చినా."

"అయ్యో. ఒక్కదానివే చూసినావా అదంతా? పాపం."

"విను. అసలు సంగతి ఇప్పుడు చెప్తా. ఆ తరవాతవి చూడు, ఈ రెండేళ్ళవి. చూడు మా, తల తిప్పుకోబాక! మళ్ళీ పెరిగినాయి!"

"ఏంది పెరిగింది?"

"మాటలు! పాతవాటికన్నా ఎక్కువ ఉన్నాయి కొన్నిట్లో. అది, ఇది అన్నీ తగ్గిపోయినాయి. జబ్బయితే ఇట్టా తిరిగి రాదు మా. తగ్గడం మొదలైతే తగ్గుతానే పోతుందంట. అంటే ఆ ఏడు ఏదో అలసట, షుగరు, ఏదో. ఇప్పుడు బాగైపోయినాడు. రేపు ఇది డాక్టర్ ముందర పెడతా. చూస్తే ఆయనే..."

"ఆ కొత్తవి చూపించబాక."

"ఏంది?"

"డాక్టర్‌కి. కొత్తవి వద్దు. పాతవి చాలు."

"కొత్తవి చూపిస్తేనే గదా మా అసలు సంగతి!"

"వద్దంటే వద్దు. ఇంకా రిలీజు కాని సినిమాలున్నాయి అందులో. స్టూడియోలో రికార్డింగు చూసే జెబకుమార్ తిడతాడు. బయటికి పోకూడదు."

"డాక్టర్ ఏం చేసుకుంటాడు మా సినిమా కథ? ఆయనకి ఫైలు కూడా ఇయ్యను. అంకెలే."

"అంకెలు కూడా వద్దు. కాఫీ కలుపుతా."

"అమ్మా, ఎన్న మా ఇది? మంచి వార్త చెప్తుంటే... సరి, నీకొక తమాషా చూపిస్తా ఉండు. రెండు దొంతుల్నీ పక్కపక్కన పెట్టి, పాతవాటిల్లో దాదాపు లేకుండా ఈ మధ్యనే వచ్చిన మాటలేవో అడిగినా. గమ్మునుండు. అగచాట్లు. నా తల్లే. ఇది చూడు, పాపం. పాతవాటిల్లో వెతికితే యాడో ఒకటి. ఇప్పుడు సినిమా నిండా అదే. రౌడీ మనిషిని పొడిచేసి, పాపం అంటున్నాడు మా! రౌడీ యాడన్నా పాపం అంటాడా? నాయన అట్టా రాయనే రాయడు. రౌడీకి జాలి ఉంటే టిక్కెట్టు ఎవరు కొంటారు అనేవాడు. అట్టాంటిది..."

"పాపం, వాడు కూడా మనిషే గదా అని..."

"అమ్మా!"

"మెల్లిగా!"

"ఇవి నీ మాటలు."

స్టేషనులోకి ఒక బండి వచ్చి, ఆగి, వెళ్ళిపోయింది.

"ఎప్పటినుంచి మా?"

"నువ్వు పెరుంగుడికి పోయిన ఏడు. మొదట్లో ఒక్కో మాటే. హెడ్‌ఫోను తీసి, ఏమే, పోలీసోళ్ళు చేతికి వేస్తారే, అదేంది అనేవాడు. బేడీలు అనేదాన్ని. ఆఁ బేడీలు అని టైపు కొట్టుకునేవాడు. తమిళంలో వింటుంటే తెలుగు మర్చిపోతున్నా అని నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని."

"తరవాత?"

"తరవాత సగం వాక్యం. ఆ తరవాత... ఒకరోజు తల్లి చచ్చిపోయే సీను వచ్చింది. కొడుకు ఏడుస్తున్నాడు తెరమీద. ఈయన దాన్నే వెనక్కి తిప్పి, ముందుకి తిప్పి, చూస్తానే ఉన్నాడు. పొద్దున కూర్చున్నవాడు మధ్యాహ్నమైనా లేవలా. ఒక్క మాట పడలా. దగ్గిరికి పోతే కండ్లెంబడి నీళ్ళు. సీను చూసి ఏడుస్తున్నాడనుకున్నా."

"కాదా?"

"ఆడు ఏడుస్తున్నాడు గాని, ఏమని ఏడుస్తున్నాడో నాకు రావడంలే అన్నాడు. అన్నం కలిపి పెట్టి పడుకోబెట్టినా. స్టూడియోలో మర్నాడే రికార్డింగు. అందుకని నేను కూర్చున్నా."

"నువ్వు రాయగలవని నాకు తెలీనే తెలీదు."

"నాకు మాత్రం తెలుసా? ఇరవై ఏళ్ళు ఆ మైకు ముందర నిలబడినా. నర్సుకి, పక్కింటామెకి, హీరో మేనత్తకి, అందరికీ చెప్పినా. ఆడ పెదవులు మూసుకుంటే ఈడ ప, బ, మ పడాలని నోటికి తెలుసు. నోరు చెప్పింది, చెయ్యి కొట్టింది. చచ్చిపోయే తల్లికి మా అమ్మ మాటలు పెట్టినా."

"నాయన లేచి ఏమన్నాడు?"

"చదివినాడు. మళ్ళీ చదివినాడు. బాగా వచ్చిందే అన్నాడు. మీరు రాసిందేగా అన్నా. ఆఁ అన్నాడు. అంతే. అప్పటినుంచీ అంతే. ఆయన పడుకుంటాడు, నేను రాస్తా. లేచినాక చదివి వినిపిస్తా. బాగా వచ్చిందే అంటాడు."

"నాకు ఒక్క మాట చెప్పాలనిపించలా నీకు?"

"చెప్తే ఏం చేసేదానివి? ఇదిగో, ఇట్టా లెక్కపెట్టేదానివి."

"అట్టా అనబాక మా."

"తప్పే. అనకూడదు. నీ బాధ నీకుంటుంది. గాని పాపా, రికార్డింగు రోజున ఆయన్ని చూసినావా? చొక్కా ఇస్త్రీ చేయించుకుని పోతాడు. ఆ వెనక కుర్చీలో కూర్చుని, మాట పడినప్పుడల్లా తల ఊపుతాడు. తెరమీద మాటలు వేంకటరమణ అని పడుతుంది. అది ఆగిపోతే ఆయన ఈ గోడ చూస్తా కూర్చుంటాడు. నేను చూడలేను."

"జెబకుమార్‌కి తెలుసా?"

"ఎవరికీ తెలీదు. ఈయనకే తెలీదు, ఇంకెవరికి తెలుస్తుంది?"

"నీ పేరు పడాలని అనిపించలా? ఒక్కసారైనా?"

"పోవే. నా పేరుకేముంది."

"అమ్మా, రేపు ఈ కొత్తవి చూపిస్తే, ఈయనకేం లేదు, బాగున్నాడు అని పంపించేస్తారు. మందులు కూడా ఇయ్యరు."

"అందుకేగదా వద్దన్నా."

"చూపించకపోతే, ఆ మూడేళ్ళ కిందటిదాని తరవాత ఏమైంది, ఈయన రాయడం మానేసినాడా అంటారు. ఏం చెప్పాల?"

"ఏదో ఒకటి చెప్పు. కంప్యూటర్ పాడైపోయిందని చెప్పు."

"డాక్టర్ దగ్గిర అబద్ధం చెప్పి ఏం లాభం మా? నాయన్ని కాసేపు బయట కూర్చోబెట్టి, నిజం చెప్పేద్దాం."

"బయట కూర్చోబెడితే ఎందుకు కూర్చోబెట్టినారో తెలీదా ఆయనకి? మాటలు పోయినాయి గాని తెలివి పోలేదే."

"తెలివి పోలేదంటున్నావు, నువ్వు రాసేది తెలీదంటున్నావు. అయ్యో, ఏడవబాక మా. ఇట్రా. నేను చూసుకుంటా. రేపు నువ్వేమీ మాట్లాడొద్దు, నేనే..."

"ఏమే!"

"లేచినాడు. మూసెయ్యి దాన్ని, మూసెయ్యి. లేచినారా? వస్తున్నా. కాఫీ కలిపి తెస్తా, ముఖం కడుక్కోండి!"

మృణాళిని కొంగుతో కళ్ళు తుడుచుకుని వంటింట్లోకి పోయింది. వేంకటరమణ పంచె సర్దుకుంటూ వచ్చి, కూతురి పక్కకు కుర్చీ జరుపుకున్నాడు.

"ఎందుకు మూసినావు పాపా? నన్ను చూసి మూసినావు."

"ఆఫీసు పని నాయనా. అయిపోయింది."

"ఆఫీసు పనిలో జాలర్ల సినిమా యాడిది? లోపల నాకు వినపడింది. మీ అమ్మ... ఆ అరుపు, చేపలామె."

"నిద్రపోలేదా నువ్వు?"

"సగం నిద్ర. తెరువు, చూస్తా. ఓహో, అన్నీ మాటలే! పక్కన అంకెలు. ఎందుకీ అంకెలు?"

"నువ్వు ఏ మాట ఎన్నిసార్లు రాసినావో లెక్క."

"ఆ... సూదిమందాయనకా?"

"ఊఁ. డాక్టర్‌కి."

"మంచిది. చూపించు. సిగ్గేముంది? కానీ ఒకటి పాపా. ఈ కిందవి తీసెయ్యి. ఇవి, ఇవి. ఈ రెండేళ్ళవి."

"ఎందుకు నాయనా?"

"నావి కావు. అట్టా చూడబాక. ముప్పైయేళ్ళు ఇదే పని చేసినోణ్ణి. నా వాక్యం నాకు తెలీదా? నా సినిమాల్లో ఆడోళ్ళు ఊరికే ఏడుస్తారు. ఇందులో ఆడోళ్ళు మాట్లాడతారు. అట్టా రాయడం నాకు ఎన్నడూ చేతకాలా."

"తెలిసే బాగా వచ్చిందే అన్నావా?"

"బాగా వస్తే బాగా వచ్చింది అనకుండా ఏమంటారు?"

"అమ్మకి ఎందుకు చెప్పలా నాయనా?"

"చెప్తే మానేస్తుంది. నాకోసమని అనుకుంటే పొద్దంతా కూర్చుంటుంది. నీకోసం రాసుకో అంటే, అన్నం మాడిపోతుంది అని లేచిపోతుంది. దాని... అదేంది, గుణం. దాని గుణం నాకు తెలీదా?"

"ఇద్దరూ ఇద్దరే. ఇద్దరూ..."

"ఏడవబాక. వంటింట్లోకి వినపడుతుంది. పాపా, నాకొక పని చేసిపెట్టు. ఇది... ఈ మడిచేది, మాటలు వెతికి పెడుతుందా?"

"పెడుతుంది. ఏ మాట చెప్పినా, అన్ని ఫైళ్ళలోనూ వెతికేస్తుంది."

"ఐతే ఒకటి వెతుకు."

"చెప్పు, టైపు చేస్తా."

"అదే రావడంలే."

"అది తెలీకుండా ఎట్టా వెతకాల నాయనా? వస్తువా? ఊరా?"

"పేరు. స్టూడియోలో ఆ పిల్లోడు, జెబ... జెబకుమార్ అడిగినాడు. చెప్దామని నోరు తెరిచినా, రాలా. రేపు వస్తా అని ఇంటికి వచ్చేసినా. మళ్ళీ పోయినా. మళ్ళీ రాలా. నిదానంగా చెప్పండి సార్ అని టీ తెప్పించినాడు. టీ తాగి వచ్చేసినా."

"నీ సినిమాల్లో యాడన్నా రాసినావా ఆ పేరు?"

"ఏ పాత్రకీ పెట్టలా. పెట్టాలనుకునేవాణ్ణి, ఇంట్లో నవ్వుతారని సిగ్గు."

"ఎవరినన్నా అడగకపోయినావా?"

"ఎవరిని అడిగేది? అడిగితే నన్ను ఏమనుకుంటారు? మనిషి కండ్లముందరే ఉంది. గొంతు తెలుసు. వెనకనుంచి గాజుల చప్పుడు విన్నా తెలుసు."

"నాయనా, ఎవరి పేరు?"

"కొత్త సినిమాకి నా పేరు తీసేసి ఆ పేరు వెయ్యమని చెప్పినా. తెరమీద, మాటలు అని ఉంటుందే, దాని పక్కన. మెల్లిగా చెప్పు, కాఫీ తెస్తా ఉంది... మీ అమ్మ పేరేంది పాపా?"